పాత పైథాన్‌ను ఎవరు మోయాలి?

రాత్రి పదిన్నరకి ఫోన్. "అన్నా, సర్వర్‌లో పిప్ పనిచేయట్లేదు. నేనేం చేయలేదన్నా, అప్‌గ్రేడ్ కొట్టానంతే." మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. ఈ ఉద్యోగంలో "నేనేం చేయలేదు" అన్నవాడు ఆ వెంటనే ఏం చేశాడో తనే చెప్పేస్తాడు.

తీరా చూస్తే అది సెంట్‌ఓఎస్ 7 అనే పాత లినక్స్ ఉన్న మెషీన్. దాని పైథాన్ 2.7. పైథాన్ లైబ్రరీలను నెట్ నుంచి దింపి ఎక్కించే పిప్ అనే ప్రోగ్రాము 8.1.2. ఇంత పాత పిప్‌తో ఏం చేసినా చివర్లో ఒక హెచ్చరిక వస్తుంది: నా కంటే కొత్త వెర్షన్ ఉంది, ఫలానా కమాండ్ ఇచ్చి అప్‌గ్రేడ్ చేసుకో అని. కుర్రాడు అది చెప్పినట్టే చేశాడు. అంతే, అప్పటినుంచి ఏ పిప్ కమాండ్ ఇచ్చినా ఒకటే జవాబు, సింటాక్స్ ఎర్రర్. తప్పు ఎక్కడుందో చూపించే ఆ చిన్న బాణం గుర్తు ఒక ఎఫ్-స్ట్రింగ్ కింద ఆగి ఉంది. కొటేషన్ ముందు ఎఫ్ అక్షరం పెట్టి, మధ్యలో వేరియబుళ్ళను నేరుగా ఇరికించే ఈ పద్ధతి 2016 డిసెంబరులో పైథాన్ 3.6తో వచ్చింది. 2010లో పుట్టిన 2.7కి దాని సంగతి తెలిసే అవకాశమే లేదు.

2.7కి పనికొచ్చే ఆఖరి పిప్ 20.3.4. 2021 జనవరిలో వచ్చిన పిప్ 21.0తో పైథాన్ 2కి సపోర్ట్ తీసేశారు. పాత పైథాన్‌ల కోసం విడిగా ఉంచిన ఇన్‌స్టాలర్ ఫైలు దింపి 20.3.4 వేశాం, పని అయిపోయింది. కానీ కుర్రాడు అడిగిన ప్రశ్న మాత్రం మిగిలింది. "పాతదానికి పనికిరాదని తెలిసినప్పుడు, పాతదాని మీద అసలు ఎందుకు ఇన్‌స్టాల్ కానిచ్చింది?"

మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే సపోర్ట్ తీసేయడం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాములో వాడుకోగల రెడీమేడ్ కోడ్, ఏదైనా "ఇక ఫలానా పైథాన్‌కు సపోర్ట్ లేదు" అని ప్రకటించగానే ఏదో లాగేసుకున్నట్టు గోల మొదలవుతుంది. నిజానికి లాగేసుకునేది ఏమీ ఉండదు. నిన్నటిదాకా వచ్చిన రిలీజులన్నీ, పిప్ వాటిని దింపుకునే పైపీఐ అనే సైటులో అలాగే ఉంటాయి. ఇవాళ నడిచే ప్రోగ్రాము రేపూ నడుస్తుంది. ఆగిపోయేవి మూడు. కొత్త కోడ్‌ను ఆ పాత వెర్షన్ మీద పరీక్షించడం, దానిలో మాత్రమే కనిపించే బగ్‌లు సరిచేయడం, ఇకముందు వచ్చే రిలీజులు. అంటే తీసేస్తున్నది వస్తువును కాదు, పనిని. ఆ పనిని ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు, చాలాసార్లు జీతం లేకుండా, ఆదివారాలు కూర్చుని చేశారు.

ఆ పని ఎంత ఉంటుందో బయటివాళ్ళకు కనబడదు. నాలుగు పైథాన్ వెర్షన్లు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు అంటే ప్రతి మార్పుకూ పన్నెండు చోట్ల టెస్టులు నడవాలి. దానికి ఇంకో రెండు పాత వెర్షన్లు తగిలిస్తే పద్దెనిమిది. మెషీన్ల ఖర్చు సంగతి అలా ఉంచండి, మనిషి బుర్రలో అయ్యే ఖర్చు వేరే. కొత్తగా ఒక బగ్ సరిచేద్దామని వచ్చిన విద్యార్థి చక్కగా రాసి పంపితే, "బాగుంది తమ్ముడూ, కానీ ఇది 2.7లో నడవదు, మళ్ళీ రాయి" అనాలి. రెండుసార్లు అంటే మూడోసారి అతను రాడు.

తెలుగు టైప్ చేస్తే తెలిసేది

పైథాన్ 2, 3 మధ్య తేడా చెప్పమంటే చాలామంది ప్రింట్‌కి బ్రాకెట్లు వచ్చాయంటారు. ఇంకొందరు, మూడుని రెండుతో భాగిస్తే 2లో 1 వస్తుంది, 3లో 1.5 వస్తుందంటారు. రెండూ నిజమే. కానీ అసలు గొడవ అక్షరాల దగ్గర. అది మనలాంటి వాళ్ళకు బాగా తెలిసి ఉండాలి.

"తెలుగు" అనే మాట తీసుకోండి. యూటీఎఫ్-8 టెర్మినల్‌లో, పైథాన్ 2లో దాన్ని మామూలు కొటేషన్లలో పెట్టి పొడవు అడిగితే 18 అంటుంది. కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు. ఒక్కొక్కదానికి యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, అందుకే 18. పైథాన్ 2 మామూలు స్ట్రింగ్ అంటే అక్షరాల దండ కాదు, ఉత్త బైట్ల మూట. అక్షరాలు కావాలంటే ముందు యు అని పెట్టి వేరే రకం స్ట్రింగ్ రాయాలి. అప్పుడు 6 అంటుంది. పైథాన్ 3లో ఏ తంటా లేదు, మామూలుగా రాస్తేనే 6.

ఈ రెండు రకాల స్ట్రింగులనూ కలిపితే పైథాన్ 2 ఊరుకోదు. తనంతట తాను ఒకదాన్ని రెండోదాంట్లోకి మార్చేస్తుంది, బైట్లన్నీ ఆస్కీ, అంటే ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పట్టే పాత కోడ్, అనుకుని. రవి అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ప్రోగ్రాము హాయిగా నడుస్తుంది. అదే పేరు తెలుగులో వస్తే కుప్పకూలుతుంది. పరీక్షించినవాడు ఇంగ్లీషులోనే టైప్ చేస్తాడు కాబట్టి అతనికి తప్పు కనబడదు. ఇంకా తమాషా ఏమిటంటే, తెర మీద తెలుగు చక్కగా కనిపించే ప్రోగ్రామే, అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్ళిస్తే ఎర్రర్ కొట్టేది. టెర్మినల్ ఉన్నప్పుడు ఎన్‌కోడింగ్ ఏదో దానికి తెలుస్తుంది, ఫైలుకు మళ్ళిస్తే తెలియక ఆస్కీకి దిగిపోతుంది. దీని నుంచి బయటపడటానికి సిస్ మాడ్యూల్‌ను రీలోడ్ చేసి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ మార్చే ఒక నాటు చిట్కా ఉండేది. తప్పని తెలిసీ అందరం వాడాం. నేనూ వాడాను.

ఈ జబ్బు పైపూతతో పోయేది కాదు. స్ట్రింగ్ అంటే ఏమిటన్న మూలార్థమే మార్చాలి. 2008 డిసెంబరు 3న వచ్చిన పైథాన్ 3.0 చేసింది అదే. పాత కోడ్ దాంట్లో నడవదని తెలిసే చేశారు. ఐదేళ్ళలో లోకమంతా మారిపోతుందనుకున్నారు.

మారలేదు. మారకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే అనుకోవడం అన్యాయం. మన ప్రోగ్రాము మారాలంటే మనం వాడే లైబ్రరీలు ముందు మారాలి, అవి మారాలంటే వాటి కింద ఉన్నవి మారాలి. పైగా 3.0 నుంచి 3.2 దాకా స్ట్రింగ్ ముందు యు పెడితే సింటాక్స్ ఎర్రర్. అంటే తెలుగుకో జపనీసుకో జాగ్రత్తపడి యు పెట్టి బుద్ధిగా రాసినవాడికే ఎక్కువ శిక్ష. ఒకే ఫైలు రెండింటిలోనూ నడవడం గగనం. 2012లో 3.3 వచ్చినప్పుడు ఆ యును తిరిగి అనుమతించారు. నన్నడిగితే పైథాన్ 3 బతికి బట్టకట్టింది ఆ రోజునే.

అప్పటినుంచి రెండు పడవల మీద కాళ్ళు పెట్టే ప్రయాణం. "సిక్స్" అనే చిన్న లైబ్రరీ రెండింటికీ మధ్య వంతెన అయింది. రెండు మూళ్ళు ఆరు, అందుకే ఆ పేరు. పైథాన్ 2.8 ఎప్పటికీ రాదని ఒక పత్రం విడుదల చేశారు. దాని నంబరు 404 అని, వెబ్‌లో "పేజీ దొరకలేదు" అనే ఎర్రర్ నంబరే పెట్టడంలో వాళ్ళ చమత్కారం ఉంది. 2.7కి మొదట పెట్టుకున్న గడువు 2015. 2014లో దాన్ని 2020కి పొడిగించారు. చివరికి 2020 జనవరి 1తో అధికారిక మద్దతు ముగిసింది, ఆఖరి రిలీజ్ 2.7.18 ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది.

పిల్లి మెడలో గంట

భాష తయారుచేసేవాళ్ళు గడువు ప్రకటిస్తే సరిపోదు. లైబ్రరీలు పాతదాన్ని మోస్తున్నంత కాలం వాడేవాళ్ళకు మారాల్సిన తొందర ఉండదు. కానీ ముందుగా దించేసిన లైబ్రరీకే తిట్లన్నీ. కాబట్టి ఎవరికి వారు పక్కవాడు మొదలుపెడతాడేమోనని చూశారు. దీనికి వైజ్ఞానిక రంగం లైబ్రరీల వాళ్ళు దొరకబుచ్చుకున్న ఉపాయం తెలివైనది. 2020 దాటకుండా అందరం పైథాన్ 2ను వదిలేస్తామని ఒక ఉమ్మడి ప్రకటన రాసి, దాని కింద ప్రాజెక్టుల పేర్లు చేర్చుకుంటూ పోయారు. నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సైకిట్-లెర్న్, జూపిటర్ అన్నీ ఉన్నాయి. అందరూ కలిసి కడితే గంట కట్టింది ఎవరని పిల్లికి తెలియదు.

నంపై వాళ్ళు 2017లోనే క్యాలెండరు ప్రకటించారు. 2018 చివరిదాకా రెండింటికీ సపోర్ట్. 2019 మొదట్లో వచ్చిన 1.16 పైథాన్ 2కి ఆఖరిది, దానికి బగ్ ఫిక్స్‌లు మాత్రం ఆ ఏడాది పొడుగునా. 2019 జులైలో వచ్చిన 1.17లో 2 లేదు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో కూడా అదే దారి. 2017 ఏప్రిల్‌లో వచ్చిన 1.11ను దీర్ఘకాలిక సపోర్ట్ ఉన్న వెర్షన్‌గా ఉంచి, అదే ఏడాది డిసెంబరులో 2.0ను పైథాన్ 3కి మాత్రమే పరిమితం చేసింది. వెనక ఉండిపోయినవాళ్ళకు నిలబడటానికి ఒక అరుగు వేసి, ఆ తర్వాత ముందుకెళ్ళారు.

అరుగు వేసినా, జనం దాని మీదే ఆగేలా చూడటం ఇంకో పని. కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ప్రతి ప్యాకేజీలోనూ "నాకు కావాల్సిన పైథాన్ ఇది" అని ఒక వరస రాసుకోవచ్చు. ఉదాహరణకు 3.10 లేదా ఆపైన అని. పైపీఐ ఆ ముక్కను ప్రతి ఫైలు లింకు పక్కనా అంటిస్తుంది. పిప్ ఫైలు దింపడానికి ముందే దాన్ని చదివి, తన పైథాన్‌కు సరిపడనివన్నీ పక్కనపెట్టి, సరిపడేవాటిలో కొత్తది ఎంచుకుంటుంది. ఐపైథాన్ జట్టు తాము పైథాన్ 2ను వదిలేయబోతూ ముందు దీని వెంటపడ్డారు. 2016 నవంబరులో వచ్చిన పిప్ 9.0లో ఇది చేరింది. ఆ తర్వాతే, 2017 ఏప్రిల్‌లో, పైథాన్ 3 మాత్రమే కావాలనే ఐపైథాన్ 6.0 వచ్చింది. 2.7 ఉన్నవాడు మామూలుగా ఇన్‌స్టాల్ కొడితే చడీచప్పుడూ లేకుండా 5 వరసలో ఆఖరిది దిగుతుంది. అతనికి ఏదో మారిందని కూడా తెలియదు.

మా సర్వర్‌లో ఉన్నది పిప్ 8.1.2. అంటే ఆ ముక్కను చదవడం నేర్చుకోకముందటి పిప్. దాని కంటికి అన్ని రిలీజులూ ఒకటే, అందరికంటే కొత్తదాన్ని పట్టుకొచ్చి తన మీదే వేసుకుంది. గేటు దగ్గర బోర్డు ఉంది, కాపలావాడికి చదువు రాదు. తప్పు పిప్ 21ది కాదు, కుర్రాడిది అంతకన్నా కాదు. ఆ మెషీన్‌ను ఏళ్ళ తరబడి ముట్టుకోని మాది.

ఒక ఉపకథ. ఇలాంటి మెషీన్ మీద ఉత్సాహం ఎక్కువైనవాళ్ళు ఇంకో పని చేస్తారు. పైథాన్ 3 వేసి, సిస్టమ్ పైథాన్ అన్న పేరును దానికి తిప్పేస్తారు. సెంట్‌ఓఎస్ 7లో ప్యాకేజీలు ఎక్కించే యమ్ అనే ప్రోగ్రామే పైథాన్ 2లో రాశారు. అది ఆగిపోతుంది, దాన్ని బాగుచేసుకోవడానికి కావాల్సింది ఎక్కించడానికి యమ్ ఉండదు. సిస్టమ్ పైథాన్ జోలికి వెళ్ళకండి, పక్కన వేరేది వేసుకోండి.

ఆ ఒక్క వరస మరిచిపోతే

ఈ పద్ధతిలో చిన్న కిటుకు ఉంది. సపోర్ట్ తీసేస్తూ చేసిన రిలీజులో ఆ వరస మార్చడం మరిచిపోతే, పాత పైథాన్ ఉన్న ప్రతివాడికీ అది దిగిపోయి విరిగిపోతుంది. ఒకసారి ఎక్కించిన ఫైలులో ఆ వరసను తర్వాత దిద్దడం కుదరదు. ఆ రిలీజును "యాంక్" చేసి, అంటే సరిగ్గా ఆ వెర్షన్ నంబరే చెప్పి అడిగినవాడికి తప్ప ఇవ్వొద్దని గుర్తు పెట్టి, సరైనది మళ్ళీ వదలాలి. ఈ వెసులుబాటు కూడా పైపీఐలో 2020 నుంచే.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి. జాగ్రత్త ఎక్కువై "3.13 దాకా మాత్రమే" అని పైన మూత బిగిస్తారు. 3.14 ఉన్నవాడు వస్తే పిప్ అతన్ని ఆపుతుందనుకుంటారు. పిప్ ఆపదు, మూత లేని పాత రిలీజు కోసం వెనక్కి వెనక్కి వెళ్ళి, ఎప్పటిదో ఒకటి తవ్వి తెచ్చి పెడుతుంది. కింద గడప పెట్టడం మంచిదే, పైన కప్పు బిగించేముందు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి.

అన్నీ సరిగ్గా చేసినా గొడవ తప్పని సందర్భాలుంటాయి. క్రిప్టోగ్రఫీ అనే లైబ్రరీ 2021 ఫిబ్రవరిలో 3.4 రిలీజ్‌తో పైథాన్ 2.7ను వదిలింది. దానికి పెద్దగా అభ్యంతరం రాలేదు. కానీ అదే రిలీజ్ నుంచి బిల్డ్ చేయడానికి రస్ట్ అనే ఇంకో భాష కంపైలర్ అవసరమైంది. మామూలు మెషీన్ల వాళ్ళకు ముందే బిల్డ్ చేసిన వీల్ ఫైలు దొరుకుతుంది, రస్ట్ ఊసే ఉండదు. ఆల్పైన్ లినక్స్ కంటెయినర్లు వాడేవాళ్ళకు అప్పట్లో ఆ వీల్స్ లేవు. పిప్ పాతదైనవాళ్ళు కొత్త రకం వీల్‌ను గుర్తుపట్టలేక సోర్స్ నుంచి కట్టబోయారు, రస్ట్ లేదని ఆగిపోయారు. రస్ట్ అసలు నడవని పాత ప్రాసెసర్ల వాళ్ళకైతే దారే మూసుకుపోయింది. వాళ్ళ కోపం అర్థమవుతుంది. కానీ భద్రతకు సంబంధించిన కోడ్‌ను మెమరీ తప్పులు తక్కువగా వచ్చే భాషలోకి మార్చుకుంటామన్న మెయింటెయినర్లదే, అంటే ఆ లైబ్రరీని చూసుకునేవాళ్ళదే, న్యాయమని నా అభిప్రాయం. లోకంలో నాలుగు మెషీన్లలో మిగిలిన ప్రాసెసర్ కోసం మిగతావాళ్ళ తాళాలు వదులుగా ఉంచలేం కదా.

ఇప్పుడు పైథాన్ 2 గొడవ ముగిసింది. దాని స్థానంలో చిన్న చిన్న గొడవలు ఏటా వస్తున్నాయి. 3.9 నుంచి పైథాన్ ప్రతి అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వదులుతోంది, ఒక్కోదానికి ఐదేళ్ళ ఆయుష్షు. 3.9కి 2025 అక్టోబరుతో అది తీరింది. వైజ్ఞానిక లైబ్రరీలు ఇంకా తొందరగా నడుస్తాయి. వాళ్ళ ఉమ్మడి ఒప్పందం ప్రకారం పైథాన్ వెర్షన్ ఏదైనా వచ్చిన మూడేళ్ళకు వదిలేయవచ్చు. ఇటువైపు రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో సిస్టమ్ పైథాన్ 3.6. దాన్ని తయారుచేసినవాళ్ళు 2021 డిసెంబరులోనే చేతులు కడుక్కున్నారు, రెడ్ హ్యాట్ మాత్రం 2029 దాకా చూసుకుంటానంది. ఒకే భాషకు మూడు గడియారాలు, మూడూ వేరే టైం చూపిస్తాయి.

ఇందులో రెడ్ హ్యాట్ గడియారం నెమ్మదిగా తిరగడం తప్పేమీ కాదు. బ్యాంకులకు, ప్రభుత్వ ఆఫీసులకు పదేళ్ళు కదలని సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి వాళ్ళు డబ్బు కడతారు, రెడ్ హ్యాట్ మనుషులను పెట్టి పాత వెర్షన్‌కు ప్యాచ్‌లు వేయిస్తుంది. తేడా వచ్చేది ఎక్కడంటే, కదలని మెషీన్ కావాలనుకున్న కంపెనీయే దాని మీద నడిచే ప్రతి లైబ్రరీకీ సరికొత్త వెర్షన్ ఉచితంగా కావాలన్నప్పుడు. మా మెషీన్ పాతది, మీ కోడ్ కూడా మాతోపాటు ఆగాలి, అయితే సెక్యూరిటీ ఫిక్స్ రేపటికల్లా రావాలి అంటే, అడిగేవాడికి జీతం వస్తోంది, చేసేవాడికి రావట్లేదు. నేను జీతం తీసుకునే వైపు నుంచే ఇలాంటి ఉత్తరాలు రాశాను. తర్వాత సొంతంగా ఒక చిన్న లైబ్రరీ పెట్టుకున్నాక అలాంటివి నాకే రావడం మొదలయ్యాయి.

మెయింటెయినర్ల మధ్యనే ఒక వాదన నడుస్తుంటుంది. పాత పైథాన్‌ను వదిలితే వెర్షన్ నంబరులో మొదటి అంకె మార్చాలా అక్కర్లేదా అని. మార్చాలనేవాళ్ళు, వాడేవాడి ప్రోగ్రాము విరిగే మార్పు కాబట్టి పెద్ద అంకె మారాలంటారు. అక్కర్లేదనేవాళ్ళు, పిప్ ఎలాగూ సరిపడే పాత రిలీజునే ఇస్తుంది, ఎవరి ప్రోగ్రామూ విరగదు కదా అంటారు. నేను రెండోవైపు. అంకె పెద్దదైతే, ఏమీ మారనివాళ్ళు కూడా టెన్షన్ పడి అప్‌గ్రేడ్ ఆపేసుకుంటారు. అయితే ఈ వాదన నిలబడేది పిప్ కొత్తదైనప్పుడే, 8.1.2 ఉన్న మెషీన్‌లో కాదు.

నా లైబ్రరీ బిల్లుల్లోని అంకెలను తెలుగు మాటల్లోకి మార్చేది, నాలుగు వందల వరసలు కూడా లేవు. ఈమధ్య దాన్లోంచి 3.9ను తీసేశాను. తీసేముందు పైపీఐ డౌన్‌లోడ్ లెక్కలు చూశాను. ఏ పైథాన్ నుంచి ఎన్ని డౌన్‌లోడ్లో అందులో తెలుస్తుంది, కానీ అందులో ఎక్కువభాగం టెస్టు మెషీన్లు పదేపదే దింపుకునేవే, మనుషులెందరో చెప్పలేం. 3.9 నుంచి కొద్దిగా ఉన్నాయి. ఆఖరి రిలీజులో తెలిసిన బగ్‌లన్నీ సరిచేసి, రీడ్‌మీలో "3.9 వాళ్ళు ఇది వాడండి" అని ఒక ముక్క రాసి, తర్వాతి రిలీజులో గడప పైకి జరిపాను. పనిలో పనిగా పాతదాని కోసం పెట్టిన ముప్పై వరసలు ఎగిరిపోయాయి.

వారం తర్వాత ఒకాయన ఉత్తరం రాశారు, కాలేజీ ల్యాబ్‌లో పాత మెషీన్లు, 3.9 తప్ప వేరే దారి లేదు, ఎలాగండీ అని. మీ దగ్గర ఏ వెర్షన్ దిగిందో చూడండి అన్నాను. చూసి చెప్పారు, ఆఖరిదే దిగింది. "మరైతే బాగానే నడుస్తోందండీ, ప్రకటన చూసి కంగారుపడ్డాను" అన్నారు. కోటి తర్వాత "ఒకటి" అన్న చోట ఒక స్పేస్ ఎక్కువ వస్తోందని కూడా చెప్పారు. అది అన్ని వెర్షన్లలోనూ ఉన్న బగ్. 3.10 వాళ్ళ రిలీజులో సరిచేశాను, 3.9 వాళ్ళకు కూడా ఒక చిన్న రిలీజ్ వదిలాను. వదలనని చెప్పినా సరే, ఆదివారం ఖాళీగానే ఉన్నాను.